అక్క కుర్చీ ఎక్కింది, తమ్ముడు గుమ్మం దాటలేదు

పిల్లల పళ్ళు: మీ ప్రశ్నలు, డాక్టరు జవాబులు

సంక్రాంతి వెళ్ళాక మాకు ఉత్తరాలు ఎక్కువగా వస్తాయి. అరిసెలు, గవ్వలు, సున్నుండలు డబ్బాల అడుక్కి చేరేసరికి ఏదో ఒక ఇంట్లో ఒక పిల్లాడి బుగ్గ వాస్తుంది. ఈసారి వచ్చినవాటిలో మాత్రం పంటి గురించి అడిగినవాళ్ళు తక్కువ. పళ్ళ డాక్టరు దగ్గర మా వాడు ఇలా చేశాడు, మా పాప అలా చేసింది, ఎందుకు అని అడిగినవాళ్ళే ఎక్కువ. అందుకే ఈ సంచికలో అవే తీసుకున్నాను.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారమండి. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. పాపకి ఏడేళ్ళు, బాబుకి మూడేళ్ళ ఎనిమిది నెలలు. నిరుడు పాపకి రెండు దవడ పళ్ళకి సిమెంట్ పెట్టించాం, చక్కగా కూర్చుంది. ఇప్పుడు బాబుకి కింద దవడ పన్ను పుచ్చి రాత్రిళ్ళు ఏడుస్తుంటే టౌనుకి తీసుకెళ్ళాం. గుమ్మం దగ్గరే తలుపు పట్టుకుని వదల్లేదు. ఎత్తుకెళ్ళి కుర్చీలో కూర్చోబెడితే డాక్టరు గారి వేలు కొరికేశాడు. అందరి ముందూ నాకు తల కొట్టేసినట్టయింది. మా అత్తగారేమో "వాళ్ళ నాన్న కూడా చిన్నప్పుడు ఇంతే" అంటారు, మా వారేమో నా గారాబమే అంటారు. ఒకే కడుపున పుట్టినవాళ్ళు ఇంత తేడాగా ఉంటారా? వాడిలో ఏమైనా లోపం ఉందా?

జవాబు: ముందు ఆ వేలి సంగతి మర్చిపోండమ్మా. పిల్లల పళ్ళు చూసే డాక్టర్లలో ఒక్కసారైనా కొరికించుకోనివాళ్ళు ఉండరు. మీ బాబులో లోపం ఏమీ లేదు, మీ పెంపకంలోనూ లేదు. మీ అత్తగారి మాటలో మాత్రం కొంత నిజం ఉంది, అది తర్వాత చెప్తాను.

మీరు చేస్తున్న పోలికే సరిగ్గా లేదు. పాపకి సిమెంట్ పెట్టించేనాటికి ఆరేళ్ళు. ఆరేళ్ళ పిల్లకి బడి అలవాటైపోయి ఉంటుంది, టీచరు కూర్చోమంటే కూర్చోవడం, తన వంతు వచ్చేదాకా ఆగడం, "పది అంకెలు లెక్కపెట్టేలోపు అయిపోతుంది" అంటే పది ఎక్కడ ఆగుతుందో తెలియడం, ఇవన్నీ వచ్చేసి ఉంటాయి. మూడేళ్ళ ఎనిమిది నెలల పిల్లాడికి "ఐదు నిమిషాలు" అంటే అర్థం లేదు. వాడికి ఇప్పుడు నొప్పి ఉంది, ఎదురుగా తెలియని మనిషి, మూతికి మాస్కు, కళ్ళలో లైటు, వెల్లకిలా పడుకోబెట్టారు, అమ్మ మొహం కనబడటం లేదు. పైగా రాత్రంతా నిద్ర లేదు. ఈ స్థితిలో వాడు తనకి చేతనైన పని చేశాడు. పెద్దవాళ్ళమైతే "కొంచెం ఆగండి డాక్టరు గారూ" అని అడుగుతాం. వాడి దగ్గర ఆ మాట లేదు, పళ్ళు ఉన్నాయి.

మూడేళ్ళ లోపు పిల్లలు సహకరించాలని మేము అసలు ఆశించం, ఆ వయసుకి ఆ శక్తి ఉండదు. మూడు నుంచి నాలుగు మధ్యలో చెప్పింది వినడం మొదలవుతుంది కానీ వచ్చీపోయే కరెంటులా ఉంటుంది, ఆకలేస్తే పోతుంది, నిద్రొస్తే పోతుంది. ఐదు దాటాక మాట మీద నిలబడగలరు. ఇది వయసు సంగతి.

రెండోది స్వభావం. ఇక్కడే మీ అత్తగారి మాట వస్తుంది. అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ అని ఇద్దరు డాక్టర్లు, భార్యాభర్తలు, 1956లో న్యూయార్కులో పసిపిల్లల్ని గమనించడం మొదలుపెట్టి వాళ్ళు పెద్దయ్యేదాకా వదలకుండా చూశారు. పుట్టిన కొన్ని నెలల్లోనే పిల్లల తీరులో తేడాలు కనిపిస్తాయని వాళ్ళు తేల్చారు. సుమారు 40 శాతం మంది దేనికైనా తేలిగ్గా అలవాటు పడతారు. 15 శాతం మంది కొత్తదాన్ని చూడగానే వెనక్కి తగ్గుతారు, వాళ్ళని వదిలేస్తే మెల్లగా దగ్గరికి వస్తారు. 10 శాతం మందికి ప్రతిదీ గట్టిగానే ఉంటుంది, ఏడుపూ గట్టిగా, కోపమూ గట్టిగా, నవ్వొస్తే నవ్వూ గట్టిగానే, తిండికీ నిద్రకీ ఒక వేళ ఉండదు. మిగిలినవాళ్ళు వీటి కలగలుపు. తల్లిదండ్రుల తప్పు వల్ల ఈ తీరు రాలేదనీ, పిల్లాడి తీరుకీ చుట్టూ ఉన్నవాళ్ళు వాడితో మెలిగే పద్ధతికీ పొత్తు కుదిరిందా లేదా అన్నదే చూడాలనీ ఆ ఇద్దరూ చెప్పారు. నాకు ఈ రంగంలో అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడిన మాట ఇదే.

మీ బాబు ఏ తీరువాడో మీకు ఇప్పటికే తెలుసు, కాకపోతే ఆ దృష్టితో చూసి ఉండరు. అంతర్వేదిలోనో ద్వారకా తిరుమలలోనో పుట్టువెంట్రుకలు తీయించి ఉంటారు కదా, ఆ రోజు గుర్తు తెచ్చుకోండి. కత్తి తలకి తగలగానే కాసేపు ఏడ్చి, తర్వాత చేతిలో బొమ్మ పెడితే ఊరుకున్నాడా? మొదట్నుంచీ గుండు అయ్యేదాకా ఒంటిని విల్లులా వంచి ఏడుస్తూనే ఉన్నాడా? లేకపోతే కదలకుండా బిగుసుకుపోయి, మీ చీర కొంగు మాత్రం గుప్పెట్లో పట్టుకుని ఉన్నాడా? మొదటిసారి ఏరు దాటే పంటు పడవ ఎక్కినప్పుడు ఎలా ఉన్నాడు? ఇంటికి చుట్టాలొస్తే ఎంతసేపటికి దగ్గరికి చేరతాడు? నా దగ్గరికి కొత్తగా వచ్చే తల్లిని నేను పన్ను చూడకముందే ఈ ప్రశ్నలు అడుగుతాను. వచ్చే జవాబుని బట్టి ఆ రోజు నేను ఏం చేయగలనో సగం తెలిసిపోతుంది.

గుమ్మం దగ్గర ఆగిపోయాడని రాశారు చూడండి, అది నాకు ముఖ్యమైన సంగతి. వాడు రాగానే తన్నలేదు, అరవలేదు. ఆగాడు. కొత్త చోటుని చూసి ఆగే పిల్లాడిని ఎత్తుకెళ్ళి కుర్చీలో కూర్చోబెడితే వాడికి కావలసిన ఆ పది నిమిషాలూ మనమే లాక్కున్నట్టు. నా అనుమానం వాడు ఆ 15 శాతంలోవాడని. ఇలాంటి పిల్లలకి మొదటిసారి కుర్చీ ఎక్కించే ప్రయత్నమే చేయకూడదు. గుమ్మంలో నిలబడి అక్క కూర్చోవడం చూడనివ్వాలి. రెండోసారి మీ ఒళ్ళో కూర్చుని అద్దం పట్టుకుంటాడు, మూడోసారి నోరు తెరుస్తాడు. గట్టి తీరు పిల్లలకి ఇంత నానబెట్టడం పనికిరాదు, వాళ్ళకి ముందే రెండు ముక్కల్లో చెప్పి, పని పావుగంటలో ముగించి, "ఈ వైపు పన్ను ముందు చూడనా, ఆ వైపుదా" అని ఒక్క ఎంపిక వాళ్ళ చేతికిచ్చి, ఏడిచినా మన గొంతు పెంచకుండా ఉండాలి.

1959 నుంచి మా చదువుల్లో ఒక పద్ధతి నేర్పుతున్నారు: చెప్పు, చూపించు, చెయ్యి. గాలి గొట్టం గురించి ముందు చెప్తాం, పిల్లాడి అరచేతి మీద ఊది చూపిస్తాం, ఆ తర్వాతే పంటి మీదకి తీసుకెళ్తాం. అందరికీ ఇదే పద్ధతి. ఎవరికి ఎన్నిసార్లు చూపించాలన్నది మాత్రం పిల్లాడి తీరే చెప్తుంది. మీ పాపకి ఒక్కసారి సరిపోయి ఉంటుంది, బాబుకి ఐదుసార్లు కావాలేమో.

నేను ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఇవన్నీ చదివి కూడా ఒక నాలుగేళ్ళ బాబుని మొండివాడు అనుకుని, రద్దీ ఎక్కువగా ఉందని నలుగురం పట్టుకుని పని పూర్తి చేశాం. పన్ను బాగైంది. ఆ తర్వాత రెండేళ్ళపాటు ఆ పిల్లాడు మా వీధిలోకి రావాలంటేనే వణికిపోయేవాడని వాళ్ళమ్మ చెప్పారు. ఆ మాట నా మనసులోంచి పోలేదు.

ఇప్పుడు మీరు చేయవలసింది. రాత్రి నిద్ర లేపేంత నొప్పి అంటే పుచ్చు నరం దగ్గరికి వెళ్ళిందని అర్థం, కాబట్టి నెలల తరబడి ఆగడానికి లేదు. డాక్టరుకి ఫోన్ చేసి, మొదటి రోజు పుచ్చు శుభ్రం చేసి తాత్కాలికంగా మూసే మందు మాత్రం పెట్టమని అడగండి, అది చాలావరకు తల్లి ఒళ్ళోనే అయిపోతుంది, నొప్పి తగ్గొచ్చు. మధ్యలో ఒకసారి ఊరికే తీసుకెళ్ళి కూర్చోబెట్టి తీసుకొచ్చేయండి. అసలు పని ఆ తర్వాత. పొద్దున్న పూట, బాగా పడుకుని లేచి తిన్నాక వెళ్ళాలి, మధ్యాహ్నం కునుకు వేళ అసలు వద్దు. ఇంతలో బుగ్గ వాచినా, జ్వరం వచ్చినా మాత్రం ఈ లెక్కలేవీ చూడకుండా అదే రోజు వెళ్ళండి.

ప్రశ్న: బాబూ, నేను పాలకొల్లు నుంచి రాస్తున్నాను. మా మనవరాలికి రెండున్నరేళ్ళు. ముందు పైపళ్ళు నాలుగూ గోధుమరంగుకి తిరిగి అరిగిపోయాయి. మా అమ్మాయి డాక్టరుకి చూపిస్తానంటుంది. ఊడిపోయే పాలపళ్ళకి ఇంత పసిదాన్ని ఏడిపించడం దేనికి? మా కాలంలో ఎవరూ చూపించలేదు. నాలుగేళ్ళు వచ్చాక తీసుకెళ్తే సరిపోదా?

జవాబు: సరిపోదండి మామ్మగారూ. మీ మనసు నాకు అర్థమైంది, పసిదాన్ని ఏడిపించడం ఎవరికీ ఇష్టం ఉండదు. కానీ మీరు ఆగమంటున్న ఆ ఏడాదిన్నరలో పుచ్చు వెనక పళ్ళకి పాకుతుంది. ముందు పళ్ళు ఆరు నుంచి ఎనిమిదేళ్ళ మధ్య ఊడతాయి, నిజమే. వెనక దవడ పాలపళ్ళు పదీ పన్నెండేళ్ళ దాకా ఉండాలి. అవి ముందే పోతే కింద వచ్చే పళ్ళకి చోటు లేక వంకరగా వస్తాయి. అప్పుడు మీరే "పిల్ల పళ్ళు ఇలా అయ్యాయేమిటే" అని బెంగపెట్టుకుంటారు.

పై ముందు పళ్ళు నాలుగూ ఒకేసారి పాడయ్యాయంటే చాలావరకు రాత్రి సీసా వల్లే. పాలో, పంచదార నీళ్ళో నోట్లో ఉండగా నిద్రపోతుంది, నిద్రలో లాలాజలం తగ్గుతుంది, ఆ తీపి తెల్లవార్లూ పై పళ్ళని పట్టుకుని ఉంటుంది. కింద పళ్ళని నాలుక కాపాడుతుంది, అందుకే అవి బాగుంటాయి. మీ మనవరాలి కింది పళ్ళు చూడండి, బాగానే ఉంటాయని నా నమ్మకం. సీసా ఒక్కసారిగా మాన్పించలేకపోతే పాలల్లో పంచదార ముందు మానేయండి, తర్వాత పాలు తగ్గించి నీళ్ళు పెంచుకుంటూ రెండు మూడు వారాల్లో ఉత్త నీళ్ళకి తీసుకురండి.

ఇక ఏడుపు గురించి. రెండున్నరేళ్ళ పిల్ల ఏడుస్తుంది, ఏడవకపోతేనే మాకు ఆశ్చర్యం. ఆ ఏడుపుకి భయపడకండి, ఏడ్చే పిల్ల నోరు బాగా తెరుస్తుంది, మాకు అన్ని పళ్ళూ కనిపిస్తాయి. మీరు మీ అమ్మాయిని పసిగుడ్డుగా ఉన్నప్పుడు కాళ్ళు చాపుకుని, కాళ్ళ మీద పడుకోబెట్టి నలుగు పెట్టి నీళ్ళు పోసేవారు కదా, మేము చేసేదీ దాదాపు అదే. తల్లీ డాక్టరూ మోకాళ్ళకి మోకాళ్ళు ఆనించి ఎదురెదురుగా కూర్చుంటారు, పాప కాళ్ళు తల్లి నడుముకి అటూ ఇటూ ఉంటాయి, తల మాత్రం డాక్టరు ఒళ్ళోకి వాలుతుంది. పిల్లకి అమ్మ మొహం కనిపిస్తూనే ఉంటుంది, చేతులు అమ్మ చేతుల్లో ఉంటాయి. చూడటానికి రెండు నిమిషాలు చాలు. పెద్ద కుర్చీతో పనే లేదు.

మిషను పెట్టకుండా పుచ్చుని ఆపే మందు కూడా ఉంది, సిల్వర్ డయమిన్ ఫ్లోరైడ్ అంటారు. చిన్న బ్రష్షుతో రాసేస్తారు, సూది ఉండదు. పుచ్చు ఉన్నచోట నల్లగా అవుతుంది, ఆ నలుపు పోదు, ఇది ముందే చెప్తున్నాను ఎందుకంటే తర్వాత చూసి కంగారు పడతారు. ఇంత పసివాళ్ళకి, అస్సలు కూర్చోని పిల్లలకి ఇది మంచి దారి. పాప పెద్దదై మాట వినే వయసు వచ్చేదాకా పుచ్చు చాలావరకు అక్కడే ఆగుతుంది. ఇంకోటి, పిల్లకి మొదటి పన్ను వచ్చాక ఆరు నెలల్లోపు, ఎంత ఆలస్యమైనా మొదటి పుట్టినరోజుకి, డాక్టరుకి ఒకసారి చూపించాలి. నొప్పి లేనప్పుడు రెండు మూడుసార్లు వచ్చివెళ్ళిన పిల్లలకి ఆ చోటు భయం పుట్టించదు. నొప్పితోనే మొదటిసారి వచ్చిన పిల్లకి నొప్పీ మేమూ ఒకటే అయిపోతాం.

బ్రష్షు పెద్దవాళ్ళే చేయించాలి. మూడేళ్ళ లోపు పేస్టు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత.

ప్రశ్న: సార్, మాది భీమవరం. మా బాబుకి ఆరేళ్ళు. పన్ను తీయించడానికి వెళ్తే అక్కడి డాక్టరు గారు నన్నూ నా భార్యనీ బయట కూర్చోమన్నారు. లోపల్నించి ఏడుపు వినిపించింది. తర్వాత బాబు చెప్తే తెలిసింది, సిస్టర్ చేతులు గట్టిగా పట్టుకుందట. మమ్మల్ని ఒక్క మాట కూడా అడగలేదు. అప్పట్నుంచీ నాకు చాలా టెన్షన్‌గా ఉంది. వాళ్ళు చేసింది తప్పా? మేము బయట కూర్చోవడం తప్పా?

జవాబు: మీరు అడిగినవి రెండు వేరే సంగతులండి.

బయట కూర్చోబెట్టడం దానంతట అది తప్పు కాదు. దీని మీద 1962లోనే ఫ్రాంకెల్ అనే డాక్టరూ, ఆయనతో కలిసి పనిచేసినవాళ్ళూ పిల్లల్ని గమనించారు. తల్లి పక్కన ఉంటే మూడున్నర నుంచి నాలుగేళ్ళ మధ్య పిల్లలు బాగా నడుచుకున్నారు, అంతకంటే పెద్ద పిల్లల్లో తల్లి ఉన్నా లేకపోయినా పెద్ద తేడా కనిపించలేదు. పిల్లల ప్రవర్తనని నాలుగు మెట్లుగా కొలిచే పద్ధతి అక్కడి నుంచే వచ్చింది, ఇప్పటికీ మా కేసు షీట్లలో అదే రాసుకుంటాం: పూర్తిగా ఎదురు తిరిగాడు, అయిష్టంగా ఉన్నాడు, జాగ్రత్తగా ఉంటూనే ఒప్పుకున్నాడు, ఇష్టంగా కూర్చున్నాడు. కొందరు పిల్లలు అమ్మానాన్నా ఎదురుగా ఉంటేనే పేచీ పెడతారు, వాళ్ళు కనబడకపోతే డాక్టరు మాట వింటారు. కొందరికి నాన్న చెయ్యి పట్టుకుంటే చాలు. మరికొందరు తల్లిదండ్రులకే భయం ఎక్కువ, "అయ్యో, అయ్యో" అంటూ పక్కన నిలబడితే పిల్లాడికి ఆ భయం అంటుకుంటుంది. అలాంటివాళ్ళు బయట ఉండటమే మేలు. కాబట్టి ఆరేళ్ళ వాడి విషయంలో ఎవరు లోపల ఉండాలన్నది మీరూ డాక్టరూ మాట్లాడుకుని తేల్చుకోవలసింది.

చెప్పకుండా చేతులు పట్టుకోవడం వేరు. సూది నోట్లో ఉండగా పిల్లాడు చెయ్యి విసిరితే బుగ్గ చీరుకుపోవచ్చు, ఆ ఒక్క క్షణం సిస్టర్ చెయ్యి అడ్డం పెట్టడం జాగ్రత్త కోసం, నేనూ చేయిస్తాను. కానీ పని అయ్యేదాకా అదిమి పట్టుకోవలసి వస్తుందనుకుంటే ముందు తల్లిదండ్రులకి చెప్పాలి, ఎందుకో వివరించాలి, వేరే దారులేమున్నాయో చెప్పాలి, ఒప్పుకోకపోతే ఆగాలి. అడగడం మీ హక్కు. వేరే దారులు నిజంగానే ఉన్నాయి. అత్యవసరం కాకపోతే వాయిదా వేయొచ్చు. ముక్కుకి చిన్న మాస్కు పెట్టి నైట్రస్ ఆక్సైడ్ పీల్పిస్తే పిల్లాడు మెలకువగానే ఉండి కుదుటపడతాడు. పని చాలా ఉండి, పిల్లాడు అస్సలు కుదరకపోతే ఆసుపత్రిలో మత్తు డాక్టరు సమక్షంలో పూర్తి మత్తు ఇచ్చి ఒకేసారి అన్నీ చేయొచ్చు. పిల్లల దంతవైద్యం మీద ఎండీఎస్ అనే పై చదువు చేసినవాళ్ళకి ఇవన్నీ శిక్షణలో భాగం. మన డెల్టాలో పెద్ద ఊళ్ళలో వాళ్ళు దొరుకుతున్నారు, డెంటల్ కాలేజీల్లో పిల్లలకి విడిగా విభాగమే ఉంటుంది.

అక్కడికే మళ్ళీ వెళ్తారా, వేరే చోటికి వెళ్తారా అన్నది మీ ఇష్టం. ఎక్కడికి వెళ్ళినా ముందురోజు ఫోన్ చేసి జరిగింది చెప్పండి. బాబుతో ఇవాళే మాట్లాడండి. "గట్టిగా పట్టుకున్నారు కదా, నీకు భయమేసి ఉంటుంది, ఈసారి నేను పక్కనే ఉంటాను" అనండి. "అదేం కాదులే, మగపిల్లాడివి" అని మాత్రం అనకండి.

ప్రశ్న: డాక్టరు గారూ, మాది రావులపాలెం. మా పాపకి తొమ్మిదేళ్ళు. ఎక్కడికెళ్ళినా "ఎంత బుద్ధిమంతురాలో" అంటారు. పళ్ళ డాక్టరు దగ్గర కూడా కిక్కురుమనదు, నోరు తెరవమంటే తెరుస్తుంది. కానీ అపాయింట్‌మెంట్ ముందురోజు రాత్రి కడుపునొప్పి అంటుంది, పోయినసారి వాంతి కూడా చేసుకుంది. రెండిటికీ సంబంధం ఉందంటారా?

జవాబు: ఉందమ్మా. ఈ ఉత్తరం రాసినందుకు మీకు నా దండాలు, ఎందుకంటే అన్నిటికంటే ఎక్కువగా మా కళ్ళు తప్పించుకుపోయేది ఇలాంటి పిల్లలే. ఏడ్చే పిల్లాడిని అందరూ చూస్తారు. ఏడవని పిల్లని చూసి డాక్టరు సంతోషించి పని కానిచ్చేస్తాడు, కేసు షీట్లో ఇష్టంగా కూర్చుందని రాసేస్తాడు. ఆ పిల్ల అరచేతులు చెమటతో తడిసి ఉంటాయి, కాలి బొటనవేళ్ళు బిగుసుకుని ఉంటాయి, గుటక కూడా వేయదు. నేను మొహం కంటే ముందు చేతులూ కాళ్ళూ చూడటం అలవాటు చేసుకున్నాను.

తొమ్మిదేళ్ళకి ఊహ బాగా పెరుగుతుంది. నాలుగేళ్ళ పిల్ల ఎదురుగా కనబడేదానికి భయపడుతుంది. తొమ్మిదేళ్ళ పిల్ల రేపు జరగబోయేదాన్ని ఇవాళే తలుచుకుని భయపడుతుంది. అందులోనూ సిగ్గరి, మంచిపిల్ల అనే పేరున్న పిల్లకి ఆ పేరు కాపాడుకోవాలన్న బరువు కూడా ఉంటుంది, భయమేస్తోందని చెప్తే ఆ పేరు పోతుందనుకుంటుంది.

రెండు పనులు చేయండి. ఒకటి, డాక్టరు దగ్గర పాపకి ఒక సైగ ఇప్పించండి. ఎడమ చెయ్యి ఎత్తితే డాక్టరు ఆగాలి. మొదటిసారి అబద్ధానికైనా ఎత్తించి, నిజంగా ఆగుతారని చూపించాలి. ఆగమంటే ఆగుతారని తెలిసిన పిల్ల ఆ చెయ్యి చాలాసార్లు ఎత్తదు కూడా. రెండోది, ముందు నుంచీ రోజులు లెక్కపెట్టించొద్దు. పసివాళ్ళకైతే అదే పొద్దున్న చెప్పినా చాలు, తొమ్మిదేళ్ళ పిల్లకి అంత అకస్మాత్తుగా చెప్తే నమ్మకం పోతుంది, ఒక్క రోజు ముందు చెప్పండి. ఏం జరుగుతుందో వరసగా చెప్పండి, అడిగినదానికి జవాబివ్వండి. "నువ్వు బుద్ధిమంతురాలివి కదా" అన్న మాట మాత్రం ఆ రోజుకి పక్కన పెట్టండి. పాప ఏడ్చినా ఫర్వాలేదని ఆమెకి తెలియాలి.

ప్రశ్న: తణుకు నుంచి. మా అబ్బాయికి ఐదేళ్ళు, ఆటిజం ఉంది. జుట్టు కత్తిరించడమే మాకు యుద్ధం. పళ్ళు ఎలా చూపించాలి?

జవాబు: జుట్టు దగ్గర వాడికి ఏది కష్టమో గమనించండి: చప్పుడా, తాకడమా, వాసనా? అదే డాక్టరుకి ముందు చెప్పాలి. చప్పుడు పడకపోతే చెవులకి హెడ్‌ఫోన్, లైటు పడకపోతే నల్లకళ్ళద్దాలు, పుదీనా ఘాటు పడకపోతే ఘాటు లేని పేస్టు. గుమ్మం, కుర్చీ, లైటు, అద్దం, ఇలా ఒక్కొక్కటి ఫోన్‌లో ఫొటోలు తీసి ఇంట్లో రోజూ అదే వరసలో చూపించండి. ప్రతిసారీ అదే డాక్టరు, అదే గది, అదే వేళ అయితే మంచిది, వెయిటింగ్ హాల్లో కూర్చోబెట్టకుండా నేరుగా లోపలికి పంపమనండి. ఒంటి మీద బరువు ఉంటే కొందరు పిల్లలు కుదుటపడతారు, ఎక్స్‌రే తీసేటప్పుడు వేసే సీసపు ఆప్రాన్ కప్పి చూడమని అడగండి. నెలలు పట్టొచ్చు. వయసు లెక్క ఇక్కడ పనికిరాదు, వాడు ఏ మెట్టు మీద ఉంటే అక్కణ్ణించే మొదలుపెట్టాలి.

ప్రశ్న: నేను మండపేటలో ట్యూషన్లు చెప్తాను, మా అక్క కొడుకుని పళ్ళ డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాలి. ఐదేళ్ళ వాడు. "నొప్పి ఉండదా మావయ్యా?" అని రోజూ అడుగుతున్నాడు. ఏం చెప్పను?

జవాబు: "అస్సలు ఉండదు" అని చెప్పకండి. కొంచెం చురుక్కుమన్నా మీరు అబద్ధం చెప్పారని వాడికి తెలిసిపోతుంది, తర్వాత మీ మాటా నా మాటా ఏదీ నమ్మడు. "కొంచెం తెలుస్తుంది, ఎంత తెలుస్తుందో నువ్వే నాకు చెప్దువుగాని, నేను పక్కనే ఉంటాను" అనండి, చాలు. సూది, కొయ్యడం, పీకడం లాంటి మాటలు మీరు ఎత్తొద్దు, వాటిని ఎలా చెప్పాలో డాక్టరుకి వదిలేయండి. నేనైతే మత్తు సూదిని పంటిని నిద్రపుచ్చే మందు అంటాను, నీళ్ళు చిమ్మే మిషనుని పంటికి స్నానం చేయించే మోటారు అంటాను, చేలో మోటారు చూసిన పిల్లలకి అది ఇట్టే అర్థమవుతుంది. అడిగితే మాత్రం సూది కాదని అబద్ధం ఆడను.

ఇంట్లోవాళ్ళకి కూడా ఒక మాట చెప్పండి. "అల్లరి చేశావంటే డాక్టరు చేత ఇంజెక్షన్ పొడిపిస్తా" అనడం మనవైపు ప్రతి ఇంట్లో ఉంది, ప్రేమతోనే అంటారు. ఏడాది పొడుగునా అలా బెదిరించి ఒకరోజు మా దగ్గరికి తీసుకొస్తే, వాడు తప్పు చేశాననుకుని శిక్షకి వచ్చినట్టే వస్తాడు.

పని అయ్యాక పెదవి రెండు మూడు గంటలు మొద్దుబారి ఉంటుంది. పిల్లలు దాన్ని వింతగా ఉందని నమిలేస్తారు, సాయంత్రానికి వాచి పుండవుతుంది. అంతసేపూ తిండి పెట్టకుండా మీ పక్కనే కూర్చోబెట్టుకోండి.

ప్రశ్న: మాది కాకినాడ. మా పెద్దాడికి పదమూడేళ్ళు. వెనక పన్ను పుచ్చింది, నోరు వాసన వస్తోంది, ఎన్నిసార్లు అడిగినా డాక్టరు దగ్గరికి రానంటాడు. చిన్నప్పుడు వాడికి భయమే లేదు. ఇప్పుడేమైంది?

జవాబు: ఇది చాలావరకు భయం అయి ఉండదమ్మా, సిగ్గు. పదమూడేళ్ళ వాడికి తన నోటి వాసన గురించి అమ్మ పక్కన నిలబడి డాక్టరుకి చెప్తుంటే వినడం కంటే పంటి నొప్పే నయం అనిపిస్తుంది. "రోజుకొకసారైనా బ్రష్ చేయడండి, ఎంత చెప్పినా వినడు" అని మీరు లోపలికి వస్తూనే మొదలుపెడతారు, వాడు తల దించుకుంటాడు, ఇంక నాతో మాట్లాడడు. ఇది నేను దాదాపు ప్రతి వారం చూస్తాను.

అపాయింట్‌మెంట్ వాడి చేతే ఫోన్ చేయించి, బడి అయ్యాక వాడికి వీలైన వేళ వాడినే ఎంచుకోనివ్వండి. తోడుగా వెళ్ళండి, డబ్బు కట్టడానికీ సంతకానికీ మీరు కావాలి, కానీ మొదటి పది నిమిషాలు బయట హాల్లో ఉండండి. చెప్పవలసినవి ముందే డాక్టరుకి ఫోన్‌లో చెప్పేయండి. డాక్టరు ప్రశ్నలు వాడినే అడగాలి, వాడే జవాబివ్వాలి, ఎక్స్‌రే వాడికే చూపించాలి. ఆ వెనక పన్ను ఆరేళ్ళప్పుడు ఏ పన్నూ ఊడకుండానే పాలపళ్ళ వెనకాల వచ్చిన శాశ్వత దంతం అయి ఉంటుంది, చాలామంది దాన్ని పాలపన్ను అనుకుని వదిలేస్తారు, మళ్ళీ రాదు. ఆ మాట మీ నోటితో వందసార్లు విన్నా పట్టించుకోనివాడు ఎక్స్‌రేలో నల్లమచ్చ తన కళ్ళతో చూస్తే పట్టించుకుంటాడు. ఇంటికి తిరిగొచ్చేటప్పుడు దాని గురించి ఏమీ అడగకండి, వాడే చెప్తాడు.